గాలికి తగిన గుడ్డ

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతికి సముద్రతీరం వచ్చింది. కొండలు, చెరువులు, మామిడితోటలు, ఎండాకాలంలో ఇసుకే మిగిలే స్వర్ణముఖి తెలిసిన మన ప్రాంతం పక్కకు సూళ్లూరుపేట, తడ, వాకాడు వచ్చి చేరాయి. వాటితో పాటు పులికాట్ సరస్సూ వచ్చింది. ఉప్పు కలిసిన నీటి సరస్సుల్లో దేశంలో చిల్కా తర్వాత ఇదే పెద్దది. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా పరుచుకుని ఉంది. జిల్లా ఏర్పడి ఇన్నేళ్లయినా పులికాట్ అంటే మనకు ఫ్లెమింగో పండుగ, రాకెట్ చూడడానికి వెళ్లే దారి, అంతే. ఆ నీటి మీద రోజూ వీచే గాలి గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. ఈ వ్యాసం ఆ గాలి గురించి, దాన్ని పట్టుకునే గుడ్డ గురించి.

పులికాట్ జాలరి పడవకు ఒక కంబం, ఒక తెరచాప. ఇప్పుడు చాలా వాటికి ఇంజన్లు వచ్చాయి. ఒకప్పుడు శ్రీహరికోట సరుగుడు కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద మద్రాసుకు వెళ్లింది మాత్రం గాలితోనూ, గడలతోనూ, ఒడ్డున తాడు పట్టి లాగే మనుషుల భుజాలతోనూ. షికారు కోసం, ప్రయాణం కోసం ప్రపంచమంతా వాడే చిన్న తెరచాప పడవల తీరు వేరు. ఇరవై నుంచి ఇరవై ఆరు అడుగుల పొడవు, లోపల ఇద్దరు ముగ్గురు పడుకునే చోటు, కంబానికి వెనక ఒక పెద్ద తెరచాప, ముందు మరొకటి. ముందుదాన్ని జిబ్ అంటారు. అది పెద్దదై కంబాన్ని దాటి వెనక్కి వస్తే జెనోవా. పడవ కొన్నవాళ్లు మొదట తలపట్టుకునేది దీని దగ్గరే. ముందు తెరచాప ఎంత పెద్దది కట్టాలి?

చాలామంది పెద్దదే మంచిదంటారు. గుడ్డ ఎక్కువైతే వేగం ఎక్కువని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడాలంటే ముందు కొలత ఎలా చెబుతారో తెలియాలి.

కంబాన్ని ముందుకు పట్టి ఉంచే ఉక్కు తీగ ఒకటి పడవ ముక్కు దగ్గరికి దిగుతుంది. ఆ తీగ, కంబం, రెండింటి మధ్య పడవ పైతట్టు కలిసి ఒక త్రిభుజం. సుమారు 24 అడుగుల పడవ ఒకదాన్ని ఊహించుకుందాం. త్రిభుజం అడుగు 2.6 మీటర్లు, ఎత్తు 8.5 మీటర్లు అనుకుంటే వైశాల్యం 11 చదరపు మీటర్లు. ఇక తెరచాప వెనక మూల నుంచి ముందంచు మీదికి లంబంగా ఒక గీత గీయండి. ఆ గీత పొడవు త్రిభుజం అడుగుతో సమానమైతే అది 100 శాతం తెరచాప. ఒకటిన్నర రెట్లయితే 150. అంటే ఈ శాతం వైశాల్యానిది కాదు, ఆ అడ్డగీతది. ముందంచు పొట్టిగా ఉన్న 135 శాతం తెరచాప, పొడవుగా ఉన్న 120 శాతం తెరచాప కన్నా చిన్నదై ఉండవచ్చు. కొనేవాళ్లు శాతాన్ని మాత్రమే అడిగి మోసపోయేది ఇక్కడే. మన పడవలో ముందంచు 8.5 మీటర్లు వస్తుందనుకుంటే 110 శాతానికి దాదాపు 12 చదరపు మీటర్లు, 135కు 15, 150కి పదహారున్నర గుడ్డ పడుతుంది.

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఒకటి ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందో కొలుస్తుంది. శ్రీహరికోటలో రాకెట్ లేచే ముందు బెలూన్లు వదిలి పైగాలులు చూస్తారు. మన జిల్లాలో గాలిని ఇంత శ్రద్ధగా కొలిచేవాళ్లు ఉన్నారు. పడవకు కావలసింది మాత్రం నీటి మీద మొదటి పది మీటర్ల గాలి. అందులోనూ అడుగున వీచేది వేరు, పైన వీచేది వేరు. నీటి రాపిడి వల్ల కింద వేగం తగ్గుతుంది. వాతావరణ శాఖ చెప్పే వేగం 10 మీటర్ల ఎత్తుది. కాబట్టి వెడల్పుగా పడవ పైతట్టును రాసుకుంటూ పోయే గుడ్డకు మందగాలి, సన్నగా ఎత్తుగా నిలిచే గుడ్డకు మంచిగాలి అందుతాయి.

పడవల లోకంలో గాలిని నాట్లలో చెబుతారు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. 10 నాట్ల గాలి చదరపు మీటరు గుడ్డ మీద సుమారు 1.6 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. 20 నాట్లయితే 3.2 కిలోలు అనిపిస్తుంది గానీ కాదు, ఆరున్నర. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. వేగం వర్గాన్ని బట్టి పెరిగే ఈ ఒక్క సూత్రం ఒంటపడితే ముందు తెరచాప ఎంపికలో సగం పని అయిపోయినట్టే. మన 150 శాతం జెనోవా మీద 10 నాట్లలో 27 కిలోల నెట్టుడు, 20 నాట్లలో 108. తెరచాప ఆకారాన్ని, కోణాన్ని బట్టి అసలు బలం కొంత అటూ ఇటూ అవుతుంది, నాలుగింతలు మాత్రం నాలుగింతలే. ఆ బలం ముందుకు మాత్రమే నెట్టదు. ఎక్కువ భాగం పక్కకు ఒరగదోస్తుంది. పడవ ఇరవై, ఇరవై ఐదు డిగ్రీలకు మించి ఒరిగిందంటే ఒళ్లు నీళ్లలో ఈడ్చుకుంటూ పోతుంది, చుక్కాని పట్టు తప్పుతుంది, వేగం తగ్గుతుంది. గుడ్డ ఎక్కువై వేగం తగ్గడమంటే ఇదే.

గాలి పెరగకపోయినా ఇలా జరగవచ్చు, అది మరీ ప్రమాదం. 12 నాట్ల గాలి వెనక నుంచి తోస్తుండగా పడవ 5 నాట్ల వేగంతో పోతోందనుకోండి. పడవలో కూర్చున్నవారికి తగిలేది 7 నాట్లే. ఎండ చుర్రుమంటుంది, హాయిగా ఉంటుంది, ఉన్న గుడ్డంతా విప్పుతారు. ఇంటికి మళ్లాలని పడవను గాలికి ఎదురుగా ఏటవాలుగా తిప్పారు. అదే గాలి, అదే పడవ వేగం, కానీ ఇప్పుడు తగిలేది దాదాపు 16 నాట్లు. వర్గం కట్టి చూడండి, ఒత్తిడి ఐదింతలు. చిన్న పడవల్లో కొత్తవాళ్లు కంగారుపడేది ఎక్కువగా ఈ మలుపులోనే.

గాలి ఎంతుందో చెప్పే పరికరం లేకపోతే నీటిని చూడాలి. అల నెత్తిన తెల్లనురుగు అక్కడక్కడ మొదలైతే 10 నాట్లకు అటూ ఇటూ. ఎటు చూసినా నురుగే అయితే 15 పైన. తీరంలో గంటకు 45 కిలోమీటర్ల గాలి ఉందని, వేటకు పోవద్దని జాలర్లను హెచ్చరిస్తారే, అది నాట్లలో 24. పది నాట్ల గాలితో పోలిస్తే దాదాపు ఆరింతల ఒత్తిడి. ఆ మాట విన్నరోజు ఏ తెరచాప కట్టాలన్న ప్రశ్నే లేదు, రేవులో ఉండిపోవాలి.

అలాగని ముందు తెరచాప చిన్న విషయమేమీ కాదు. చదరపు మీటరుకు లెక్క కడితే గాలికి ఎదురుగా పోయేటప్పుడు వెనకున్న పెద్ద తెరచాప కన్నా ఇదే గట్టిగా లాగుతుంది. రెండు తెరచాపలు కలిసి ఎలా పనిచేస్తాయన్న దానికి చాలాకాలం పుస్తకాల్లో ఒక వివరణ ఉండేది. రెండు తెరచాపల మధ్య సందులో గాలి ఇరుకున పడి వేగం పుంజుకుంటుందని, ఆ వేగమే పెద్ద తెరచాపకు బలమిస్తుందని రాసేవారు. 1970లలో అర్వెల్ జెంట్రీ అనే అమెరికన్ ఏరోడైనమిక్స్ నిపుణుడు ఈ మాట తప్పని చూపించాడు. ఆయన వృత్తి విమానాల రెక్కలు, అలవాటు తెరచాప పడవ. గాలి తెరచాపను తాకకముందే, కొంత దూరం నుంచే వంగడం మొదలుపెడుతుంది. వెనకున్న పెద్ద తెరచాప అలా వంచిన గాలి ముందు తెరచాప మీదికి మరింత అనుకూలమైన కోణంలో వస్తుంది. పైగా ముందు తెరచాప వెనకంచు దగ్గర గాలి వేగంగా కదులుతుంటుంది కాబట్టి గాలి నేరుగా తగలని చాటు వైపు అంతటా వేగం పెరుగుతుంది. సందులోకి వెళ్లే గాలి మాత్రం, పాత పుస్తకాలు చెప్పినదానికి భిన్నంగా, ఒక్క తెరచాపే ఉన్నప్పటికన్నా నెమ్మదిస్తుంది. పెద్ద తెరచాప తన బలం కొంత వదులుకుని ముందుదానికి ఇస్తుందన్నమాట. నాకు ఈ వివరణ చదివిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది. వేల ఏళ్లుగా మనిషి వాడుతున్న గుడ్డ ఎలా పనిచేస్తుందో సరిగ్గా తెలియడానికి విమానాల కాలం దాకా ఆగాల్సి వచ్చింది.

దీన్నుంచి ఎంపికకు పనికొచ్చే మాట ఒకటి వస్తుంది. ముందు తెరచాపలో విలువైన భాగం తీగను ఆనుకుని, ఎత్తుగా, ఎదురుగాలిని మొదట అందుకునే భాగం. కంబాన్ని దాటి వెనక్కి పోయే గుడ్డ పెద్ద తెరచాప చాటున పడుతుంది, దానికి గాలి తగలకుండా చేసి ముడతలు తెప్పిస్తుంది కూడా. 110 నుంచి 150కి పెంచితే గుడ్డ మూడోవంతు పైగా పెరుగుతుంది, ఎదురుగాలిలో లాభం అందులో ఏ కొంతో. వెనక నుంచి, పక్క నుంచి వీచే మందగాలిలో మాత్రం ఆ అదనపు గుడ్డ నిజంగా అక్కరకొస్తుంది. ఈ మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది.

మరి పెద్ద జెనోవాల మోజు ఎక్కడిది? ఇటలీలోని జెనోవా రేవులో 1920లలో జరిగిన పందేల్లో స్వెన్ సాలెన్ అనే స్వీడన్ నావికుడు కంబాన్ని దాటే తెరచాప కట్టి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత 1970 నుంచి పెద్ద పందేలకు వాడిన కొలతల నిబంధనలు ముందు త్రిభుజాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని, 150 శాతం దాకా కంబం దాటే గుడ్డను దాదాపు ఉచితంగా వదిలేశాయి. ఉచితమైతే ఎవరు వద్దంటారు? పడవలు చేసేవాళ్లు పెద్ద తెరచాపను చిన్నది చేసి, ముందుదాన్ని పెంచేశారు. పందెం పడవలను చూసి షికారు పడవలూ అదే తీరున వచ్చాయి. ఆ నాటి పడవలు ప్రపంచమంతటా ఇంకా తిరుగుతున్నాయి, వాటితో పాటు 150 జెనోవా ఉండాలన్న నమ్మకమూ తిరుగుతోంది. అది గాలి చెప్పిన కొలత కాదు, పందెం నిబంధన చెప్పిన కొలత. ఇద్దరు మనుషులు, ఒక సంచి బియ్యం, నీళ్ల డబ్బాలతో పోయే పడవకు దానితో పనేముంది?

హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో ఇదే సూత్రాన్ని కళ్లారా చూడవచ్చు. అక్కడి సెయిలింగ్ పోటీలు మామూలుగా జులైలో పెడతారు, నైరుతి గాలి ఉండే నెల అది. వాటిలో కనిపించే ఇల్కా పడవ, పాత పేరు లేజర్, ఒకే ఒంటి మీద మూడు కొలతల తెరచాపలు ఎక్కించుకుంటుంది. 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. బక్కపలచని పిల్లకు చిన్నది, బరువైన పెద్దవాడికి పెద్దది. దానికి ముందు తెరచాప లేదు, అయినా నీతి అదే. ఒరుగును ఆపే బరువు ఎంతుందో గుడ్డ అంతే ఉండాలి. అడుగున సీసం, ఇనుము పోసిన కీల్ ఉన్న పడవ కొంత ఎక్కువ మోస్తుంది, నీళ్లలోకి పలక మాత్రమే దించే పడవకు మనుషుల బరువే ఆసరా.

ఇక చుట్టే తెరచాపల మాట. ఇప్పుడు షికారు పడవల్లో ముందు తెరచాప తీగ చుట్టూ చుట్టుకుపోయే ఏర్పాటు ఉంటుంది. తాడు లాగితే చుట్టుకుంటుంది, వదిలితే విచ్చుకుంటుంది. అందుకని 150 కొనేసి గాలి పెరిగితే సగం చుట్టేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. తెరచాప బల్లపరుపు గుడ్డ కాదు. నడుమ లోతు వచ్చేలా ముక్కలు కోసి కుడతారు. చుట్టేటప్పుడు పైనా, కిందా, నడుమా ఒకే కొలత గుడ్డ చుట్టులోకి పోతుంది, నడుమ ఉన్న అదనపు గుడ్డ మాత్రం బయటే మిగిలి సంచిలా ఉబ్బుతుంది. గాలి బలంగా ఉన్నప్పుడు తెరచాప పలకలా ఉండాలి, ఇక్కడ సరిగ్గా తిరగబడుతుంది. లోతైన గుడ్డ ముందుకు లాగడం మాని పక్కకు ఒరగదోస్తుంది. ముందంచు నడుమ నురుగు పట్టీ కుట్టిస్తే చుట్టు అక్కడ లావై అదనపు గుడ్డను కొంత తినేస్తుంది. అది ఉన్నా మూడోవంతు దాకా చుట్టిన తెరచాప ఎదురుగాలిలో పనికిరాదు. కాబట్టి 135ను 100 దాకా దించుకోవచ్చు, 150ని అంత దించితే మిగిలేది ఉబ్బిన గుడ్డే. ఇంకో చిక్కు గుడ్డ మందం. మందగాలి కోసం కుట్టిన పలచని గుడ్డ బలమైన గాలికి సాగిపోతుంది, ఒకసారి సాగాక ఆ ఆకారం తిరిగి రాదు.

చుట్టి వదిలేసిన తెరచాప వెనకంచుకు, కిందంచుకు ఎండను ఆపే రంగు పట్టీ వేయించడం మన ప్రాంతంలో తప్పనిసరి. పాలియెస్టర్ గుడ్డను తినేది గాలి కన్నా సూర్యుడే. మన ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు.

తెరచాప అవసరానికన్నా చిన్నదైతే నష్టం లేదా? ఉంది. ముందు గుడ్డ మరీ తగ్గి, వెనక పెద్ద తెరచాప నిండుగా ఉంటే గాలి బలం మొత్తం వెనక్కి జరుగుతుంది. పడవ ముక్కు గాలి వైపు తిరగాలని గుంజుతూ ఉంటుంది, చుక్కాని పట్టుకున్నవారి చేతులు లాగుతాయి. అందుకే ముందుదాన్ని తగ్గించినప్పుడు వెనకదాన్నీ ఒక మడత దించాలి. రెండూ కలిసి తగ్గాలి, కలిసి పెరగాలి.

ఈ విద్యను మన తెలుగు ఆడపిల్లలు భూగోళం చుట్టూ చూపించి వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరిన ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో ఉన్న ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. నాయకురాలు వర్తికా జోషి. 55 అడుగుల పడవ, 25 మీటర్ల కంబం, ఆరు తెరచాపలు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ మీదుగా వెళ్లి, 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టి, మే 21న గోవా చేరారు. దక్షిణ సముద్రంలో గాలి 60 నాట్ల దాకా పోయింది. 20 నాట్లతో పోలిస్తే తొమ్మిదింతల ఒత్తిడి. పైగా చలిగాలి చిక్కన. 5 డిగ్రీల చలిలో వీచే గాలి మన 35 డిగ్రీల గాలి కన్నా పదోవంతు ఎక్కువ బరువు, అదే వేగంలో అంత ఎక్కువ నెడుతుంది. అలాంటి గాలికి ఒక్క పెద్ద జెనోవా చుట్టుకుంటూ పోవడం కుదరదు. తారిణి తెరచాపల్లో పెద్ద ముందు తెరచాపతో పాటు దానికి వెనక, కంబానికి దగ్గరగా కట్టే చిన్నది ఉంది, తుపానుకు వేరే బుల్లి గట్టి గుడ్డ ఉంది. ఒక్కో గాలికి ఒక్కో గుడ్డ. తుపాను గుడ్డకు అంతర్జాతీయ నిబంధన కూడా ఉంది. ముందు త్రిభుజం ఎత్తును వర్గం చేసి అందులో 5 శాతం దాటకూడదు. మన 24 అడుగుల పడవకు ఇది మూడున్నర చదరపు మీటర్లు, అంటే మంచం మీద పరిచే పెద్ద దుప్పటి కన్నా తక్కువ.

పులికాట్‌కు ఏ కొలత తగినది? నీటి లోతు చాలాచోట్ల మీటరు, మీటరున్నర. ఎండాకాలంలో ఉత్తరం వైపు ఎండిపోతుంది కూడా. లోతైన కీల్ ఉన్న పడవ ఇక్కడికి రాదు, పైకి లేపుకునే పలక ఉన్నదే రావాలి. అంటే ఒరుగును ఆపే శక్తి తక్కువ, గుడ్డా తగ్గాలి. దారి పొడుగునా వలలు, పాతిన గుంజలు, భీములవారిపాళెం నుంచి ఇరకం పోయే పడవలు. పైతట్టును రాసుకుంటూ పోయే జెనోవా కట్టారంటే చాటు వైపు ఏముందో కనబడదు. వెనక మూల ఎత్తుగా కోసిన తెరచాప కింద నుంచి ముందున్న వల కనబడుతుంది, జాలరి కష్టం చెడదు. గాలి సంగతి చూస్తే ఎండాకాలంలో, నైరుతి నెలల్లో పొద్దున నేల మీది నుంచి పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక తూర్పు, ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి వస్తుంది. ఈ సముద్రపు గాలి తరచూ 10 నుంచి 15 నాట్ల మధ్య ఉంటుంది, దిశ ఒక్కసారిగా మారుతుంది. లోతు లేని నీటిలో అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అలాంటి గాలికి ఒక్క మనిషి నాలుగు మూరల తాడు లాగి సర్దుకోగల తెరచాప కావాలి. కంబాన్ని, దాని పక్క తీగలను దాటించి ఈడ్చాల్సిన పెద్ద గుడ్డ వద్దు.

కాబట్టి నా తీర్పు సూటిగా చెబుతాను. పులికాట్ లాంటి నీటికి 100 నుంచి 110 శాతం, వెనక మూల ఎత్తుగా ఉన్న, తీగకు చుట్టుకునే జిబ్ ఒకటి చాలు. చెన్నై రేవు నుంచి సముద్రంలోకి పోయే కీల్ పడవకు నురుగు పట్టీ ఉన్న 130, 135 దాకా వెళ్లవచ్చు. అంతకు మించి వద్దు. మందగాలి రోజుల కోసం బాధ ఉంటే ఆ డబ్బుతో వెనకగాలికి విప్పే పలచని నైలాన్ తెరచాప కొనుక్కోండి, ఎలాగూ 4 నాట్ల కన్నా తక్కువ గాలిలో చిన్న ఇంజనే దిక్కు. సముద్రంలోకి పోతే తుపాను గుడ్డ తప్పక ఉండాలి, దాన్ని రేవులో ఉండగానే ఒకసారి కట్టి చూసుకోవాలి. ఎంచుకునేటప్పుడు ఎక్కువ రోజులు ఉండే గాలిని చూడండి, ఏడాదికి నాలుగు రోజులు వచ్చే గాలిని కాదు.

పులికాట్ పక్షుల అభయారణ్యం అన్న సంగతి మరవకూడదు. అక్టోబరు నుంచి మార్చి దాకా పెలికాన్లు, ఫ్లెమింగోలు మేసే చోటికి ఏ పడవా పోకూడదు, అటవీ శాఖ అనుమతి లేకుండా సరస్సులో దిగకూడదు. ఇంజను లేని పడవైనా సరే.

చివరగా, తెరచాప కుట్టేవారికి కొలతలిచ్చేటప్పుడు పాత తెరచాపను పరిచి కొలిచి పంపకండి. అది ఏళ్ల తరబడి సాగి ఉంటుంది, మొదట్లోనే తప్పు కొలతకు కుట్టి ఉండవచ్చు. పడవనే కొలవండి. త్రిభుజం అడుగు, ఎత్తు, తీగ పొడవు, తాడు బిగించే కొక్కెం ఎక్కడుందో, ఈ నాలుగూ రాసి, మీ నీటి మీద ఎక్కువ రోజులు వీచే గాలి ఎన్ని నాట్లో కూడా ఆ కాగితం మీదే రాసి ఇవ్వండి.